కొట్టేసిన బాకీ

మా తాతకు కృతజ్ఞత అనే మాట తెలియదు. ఆయనకు తెలిసిన మాట ఒక్కటే. బాంచెన్. పటేలు పాత అంగీ ఇస్తే బాంచెన్. పండుగనాడు మిగిలిన అన్నం మోదుగాకుల పెడితే బాంచెన్. జొరమొచ్చి రెండు రోజులు పనికి పోకుంటే మూడో రోజు కొట్టకుండా తిట్టి వదిలేస్తే, దానికి కూడా బాంచెన్.

మాది బోధన్ పక్క పల్లె. కాలువ కింది ఊరు. 1923లో మొదలుపెట్టి 1931లో మంజీర మీద నిజాంసాగర్ కట్టడం పూర్తి చేసినంక ఈ భూముల్లో వరి, చెరుకు పారినయి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. దాని చుట్టూ లేచిన బస్తీ పేరు శక్కర్‌నగర్. పేరులోనే చక్కెర. నీళ్లొచ్చినయి, ఫ్యాక్టరీ వచ్చింది. భూమి మాత్రం మాకు రాలేదు. తాత పెండ్లికి వాళ్ల నాయిన తెచ్చిన అప్పు కింద తాత పటేలు ఇంట్లో జీతం ఉన్నడు. ఎంత అప్పు? ఆయనకు తెలియదు. కాగితం పటేలు దగ్గర, దాని మీద బొటనవేలు తాతది. ఏటేటా చెరుకు బండ్లు పోయినంక పటేలు ఆ కాగితం తీసి చూసి "ఇంకా ఉందిరా" అనేవాడట. ఎంతుంది దొరా అని అడిగే నోరు తాతకు లేదు.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. చట్టం ప్రకారం అటువంటి అప్పులన్నీ ఆనాటితో రద్దు. మా ఊరికి ఆ కబురు ఎన్నడు చేరిందో గాని, చేరినంక కూడా తాత పొద్దున్నే లేచి పటేలు కొట్టానికే పోయిండు. ఇంకా ఎందుకు పోతున్నవే అని నాయిన అడిగితే, "ఉప్పు తిన్నం బిడ్డా, విశ్వాసం ఉండాలె" అన్నడట. బాకీ పోయింది. విశ్వాసం పోలేదు.

నా తంటా అంతా ఈ మాటతోనే. తెలుగులో కుక్కకూ విశ్వాసమే, జీతగానికీ విశ్వాసమే, క్రైస్తవునికీ విశ్వాసమే. ఊళ్ళో ఆ మాటకు అర్థం తోక ఊపడం. ఆదివారం గుడిలో అదే మాటకు అర్థం మోక్షం. మరి ప్రభువు, యజమానుడు, దాసుడు, పాదసేవ? మా పాటల నిండా, ప్రార్థనల నిండా ఉన్న ఈ మాటలన్నీ తాత ఏ వాకిట్లో నిలబడి నేర్చుకున్నడో నాకు తెలుసు. వాటిని నేను గుడిలో కండ్లు మూసుకుని పాడేవాణ్ణి. బయటికి వచ్చినంక తలకాయ తిరిగేది.

1992లో నేను నిజామాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. అప్పటికి చుండూరు జరిగి ఏడాది. రాత్రిళ్లు మాకు నిద్ర ఉండేది కాదు, మాటలే. అంబేద్కర్ పుస్తకాలు చేతులు మారి చిరిగిపోయేవి. ఒక రాత్రి విద్యార్థి సంఘం మిత్రుడొకరు నన్ను పట్టుకుని అడిగిండు. "మీ తాత పటేలుకు దండం పెట్టిండు. నువ్వు ఏసుకు దండం పెడుతున్నవ్. ఆయన ఉప్పుకు విశ్వాసం చూపిండు, నువ్వు రొట్టెకు చూపుతున్నవ్. ఫరకేంది?" పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను కూడా నవ్విన, జవాబు లేక. ఆ మిత్రుడు మంచివాడు, మా వాడే. ఎగతాళి కోసం అడగలేదు. అందుకే అది ముల్లులా ఉండిపోయింది. పాతికేళ్లు ఉంది.

దాని మీద కారం చల్లింది అంబేద్కర్. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో ఆయన ఐర్లండ్ దేశభక్తుడు డేనియల్ ఓకానెల్ చెప్పిన ఒక సంగతి ఎత్తుకున్నారు. మహానుభావుల పట్ల కృతజ్ఞత ఉండొచ్చు గాని దానికి హద్దు ఉంది, ఆత్మగౌరవాన్ని పణం పెట్టి ఎవరూ కృతజ్ఞత చూపలేరు అని దాని సారాంశం. అది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్న. మావాళ్ల కృతజ్ఞత మొత్తం ఆత్మగౌరవం అమ్ముకుని కొన్నదే కదా. మరి దేవుని పట్ల? అక్కడ హద్దు ఎక్కడ?

గుడి కూడా నాకు సాయం చేయలేదని చెప్పాలె. మాకు సువార్త తెచ్చిన మిషనరీలను మా ముసలోళ్లు దొరగారు, దొరసాని అనేవాళ్లు. పేరు అదే, పీట అదే, కూర్చున్న మనిషి మారిండు. మెదక్‌లో పాస్నెట్ దొర కట్టించిన పెద్ద గుడి ఉంది కదా, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసింది. కరువులో మా జనం రాళ్లు మోసి, మట్టి మోసి అన్నం తిన్న గుడి అది. గంజి కోసం మతం మారినోళ్లని ఊరోళ్లు ఇప్పటికీ అంటారు. అననీ. ఆకలైనవాడు గంజి తాగిండు, దాంట్లో సిగ్గేంది? నా పేచీ గంజితో కాదు. ఆ గంజిని మూడు తరాల దాకా గుర్తు చేస్తూ "మీరెట్లుండేవాళ్లు, ఎట్లయిండ్రు, కృతజ్ఞత లేదా" అనే గొంతుతో. ఆ గొంతు నాకు ఎరుకే. "ఇంకా ఉందిరా" అన్న గొంతు అది.

ఇంకొకటి. పుట్టుకతోనే పాపివి, పుట్టుకతోనే రుణస్థుడివి అని అయ్యగారు ప్రసంగం చేస్తుంటే నాకు కడుపులో తిప్పేది. పుట్టుకతోనే అంటరానోడివి అన్న మాట విని విని వచ్చినోళ్లకు అది వేరుగా ఎట్ల వినబడుతుంది? నేను చూడని అప్పు, నేను వేలిముద్ర వేయని కాగితం. తాతదే కథ మళ్లీ.

అవ్వకు ఈ గొడవలేవీ లేవు. అవ్వ బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకునే ముందు కండ్లు మూసుకుని స్తోత్రం అనేది. వెయ్యి బీడీలు పూర్తయితే స్తోత్రం. ఆకు మంచిగ వచ్చినా స్తోత్రం, రాకున్నా స్తోత్రం. "దేనికే స్తోత్రం?" అని నేను కోపం చేస్తే, "నీకెందుకు, నీకు చెప్పినానా" అనేది. నేను చదువుకున్నోణ్ణి గనక, ఇది అలవాటుగా నాలుక మీదికి వచ్చే మాట అనుకున్న.

ఇక దుకాణం సంగతి చెబుతాను.

నాయిన పోయినంక అవ్వ బోధన్ బస్తీలోనే ఒక్కతే ఉండేది. నేను నిజామాబాద్‌లో ప్రైవేటు బడిలో పంతులుని. బస్సెక్కితే గంట దారి. ఆ గంట దారి నాకు నెలలు పట్టేది. బడిలో జీతం మూడు నెలలకోసారి. ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు. సాకులన్నీ నిజమే, అయినా సాకులే. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. గానుగ సీజన్ వస్తే ఊరంతా బెల్లం పాకం వాసన కొట్టేది, అది పోయింది. దాని మీద బతికిన హోటళ్లు, సైకిల్ షాపులు, హమాలీలు, బండ్లోళ్లు ఒకరి వెనక ఒకరు సల్లబడ్డారు. మరుసటేడు నవంబరులో నోట్లు రద్దయినయి. చేతిలో నగదు లేని కాలం. అవ్వకు దగ్గు. బీడీలు వెయ్యి కాస్తా అయిదు వందలు, అయిదు వందలు కాస్తా రెండు వందలు అయినయి. ఫోన్‌లో "మంచిగున్న బిడ్డా" అనేది. నేను నమ్మిన. నమ్మడం నాకు వీలుగా ఉండేది.

2018లో అవ్వ పోయింది. దినాలు చేసుకున్నంక, గల్లీ మొదట్లో ఉన్న కిరాణా దుకాణానికి పోయిన, అవ్వ ఖాతా ఉంటదని తెలిసి. జేబులో పైసలు కూడా పెట్టుకున్న. ఆ సేటు మా నాయినను ఏరా అనేవాడు, నన్ను సారూ అంటడు. చదువుకు అంత మర్యాద. ఎర్ర అట్ట పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి అవ్వ పేరు దగ్గర ఆగిండు.

బియ్యం, పప్పు, గోలీలకని నగదు యాభై, మళ్లీ బియ్యం, చాపత్త, చక్కెర. చక్కెర పావుకిలో, చక్కెర పావుకిలో. చుట్టూ చెరుకు తోటలున్న ఊళ్లో, చక్కెర పేరు పెట్టుకున్న బస్తీలో మా అవ్వ చక్కెర పావుకిలో ఉద్దెర తెచ్చుకున్నది. కింద మొత్తం నాలుగు వేల రెండు వందల అరవై. ఆ మొత్తం మీద అడ్డంగా ఒక గీత. పక్కన "చెల్లు" అని రాసి తారీఖు. అవ్వ పోవడానికి అయిదు నెలల ముందటి తారీఖు.

ఎవరు కట్టారు అని అడిగిన. సేటు కొంచెం గునిసి, "చాచా కట్టిండు సారూ. చెప్పొద్దన్నడు" అన్నడు.

చాచా అంటే మా గోడకు ఆనుకున్న ఇంటాయన. లారీలకు బస్తాలు మోసే హమాలీ. నా చిన్నప్పటి నుంచి చాచానే. సేటు ఇంకో మాట కూడా అన్నడు, పేజీ తిప్పుతూ. "ఆయనదే ఇంకా ఉంది, చూడు." చూసిన. చాచా ఖాతా, పందొమ్మిది వందల చిల్లర. దాని మీద గీత లేదు.

అప్పుడు నాకు కృతజ్ఞత పుట్టిందని రాస్తే అబద్ధం. కోపమొచ్చింది. మా అవ్వ బాకీ కట్టడానికి ఈయనెవరు? కొడుకును నేను లేనా? రేపు గల్లీలో నేను ఎట్ల తల ఎత్తుకు తిరగాలె? తాత రక్తం ఒక్కసారి తిరగబడినట్టయింది. ఒకరి దగ్గర పడి ఉండడం అనే భయం అది, మావాళ్లకు ఎముకల్లో ఉంటది. నాలుగు వేల రెండు వందల అరవై లెక్కపెట్టుకుని చేతిలో పట్టుకుని, ముఖాన కొట్టి రావాలన్నంత ఊపుతో పోయిన.

చాచా వాకిట్లో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నడు. పైసలు ముందర పెట్టిన. ఆయన వాటి దిక్కు చూసి, నా దిక్కు చూసి, "సేటు కడుపుల మాట దాగదు" అని తిట్టుకున్నడు. ఎందుకు కట్టినవు చాచా అని అడిగిన.

"మీ అవ్వ దుకాణం కాడికి వచ్చుడు బందు చేసింది బేటా. బాకీ అయిందని సిగ్గు. ఆ గల్లీ నుంచి పోకుంట వెనక నుంచి తిరిగి పోయేది. చాయ్ బందు చేసింది. మా గల్లీల నాకు చాయ్ పోసే ఇల్లు అదొక్కటే. చిట్టి ఎత్తిన, పైసలు చేతికొచ్చినయి, కట్టిన. గంతే."

నీ బాకీ నీకు ఉంది కదా అన్న.

"నాది నడుస్తది. నేను మగోణ్ణి, సేటుతోని కొట్లాడుత. ఆమె కొట్లాడదు."

నాకు చెప్పొచ్చు కదా అన్న. దానికి ఆయన ఏమీ అనలేదు. నూనె సీసా మూత పెట్టుకున్నడు. ఆ మౌనంలో నాకు అన్నీ వినబడ్డయి. చెప్తే నేను వచ్చేవాణ్ణా? వచ్చేవాణ్ణేమో, పై నెల. ఆ బాకీ అవ్వది కాదు, నాది. అవ్వ ఏం తింటున్నదని నేను అడగని ఒక్కొక్క నెల ఆ పుస్తకంలో వరుసగా రాసి ఉంది. బియ్యం, పప్పు, గోలీలకు యాభై. పుట్టుకతో వచ్చిన అప్పు కాదది. నేను చేసింది. వేలిముద్ర నాదే. నా కోపమంతా దాన్ని చూడలేక వచ్చిన కోపం.

మళ్లీ దుకాణానికి పోయిన. ఎందుకు పోయినానో అప్పుడు తెలియదు. గీత కొట్టినంక ఏముందో చూడాలనిపించింది. పుస్తకంలో చెల్లు అని రాసిన చోటు కింద, మరునాటి తారీఖుతో అవ్వ పేరు మీద మళ్లీ మొదలైంది. చాపత్త చిన్నది ఒకటి. చక్కెర పావుకిలో. అల్లం.

మరునాడే పోయింది అవ్వ. వెనక గల్లీ నుంచి కాదు, ముందర నుంచి. నెలల తరబడి మొఖం చాటేసిన దుకాణం ముందు నిలబడి, చాయ్ కోసం చక్కెర, అల్లం అడిగి తెచ్చుకుంది, మళ్లీ ఉద్దెరనే. సేటును అడిగితే, "అవ్వ నవ్వుకుంట వచ్చింది సారూ ఆ రోజు" అన్నడు. అవ్వకు తెలుసన్న మాట. ఎవరు కట్టారో తెలుసు. తిరిగి ఇస్తానని చాచాకు చెప్పలేదు, వెట్టి చేస్తాననలేదు, బాంచెన్ అనలేదు. చాయ్ పెట్టింది. చివరి నెలల్లో నేను పోయినప్పుడు ఆమె ప్రార్థనలో చాచా ఇంటిని, చాచా మోకాలిని పేరు పెట్టి దేవునికి అప్పగించడం విన్న. అలవాటు మాటలే అనుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చున్న.

పాతికేళ్ల నాటి ముల్లు అక్కడ కదిలింది. పటేలు ఇచ్చినప్పుడు తాత తల కిందికి పోయింది, కాగితం మాత్రం పటేలు పెట్టెలోనే ఉన్నది. ఇచ్చినోడు పైన నిలబడి ఇచ్చిండు, పుచ్చుకున్నోడు ఎన్నటికీ కిందనే ఉండాలన్నది ఇచ్చుడులోని షరతు. చాచా పైనుంచి ఇవ్వలేదు. అదే పుస్తకంలో, పక్క పేజీలో బాకీ ఉన్న మనిషి ఇచ్చిండు. ఇచ్చి, చెప్పొద్దన్నడు. అవ్వ తల పైకి లేచింది, కాళ్లు ముందర గల్లీలోకి వచ్చినయి. ఓకానెల్ చెప్పిన హద్దు ఇక్కడ తగలనే లేదు, ఎందుకంటే పణం పెట్టింది అవ్వ గౌరవం కాదు. పోయిన గౌరవం తిరిగి వచ్చింది.

ఇంటికి వచ్చి బైబిల్ తీసిన. పౌలు కొలొస్సయులకు రాసిన ఉత్తరంలో రెండో అధ్యాయంలో ఒక కాగితం సంగతి ఉంది. మన మీద రుణంగా, మనకు విరోధంగా ఉన్న పత్రాన్ని తుడిచేసి మేకులతో సిలువకు కొట్టేసిండు అని. చిన్నప్పటి నుంచి వింటున్నదే. పత్రం అంటే ఏదో ఆత్మసంబంధమైన మాట అనుకున్న ఇన్నాళ్లూ. పత్రం అంటే కాగితమే! పటేలు పెట్టెలో తాత బొటనవేలు పడ్డ కాగితం లాంటిదే. ప్రభువు ప్రార్థనలో కూడా మత్తయి సువార్త వాడిన మాట రుణం. అప్పులోళ్ల మాటల్లోనే ఆయన మాట్లాడిండు, వింటున్నది అప్పులోళ్లు గనక. పైగా ఆయన పడుకున్నది పశువుల తొట్టిలో, తాత పడుకున్నదీ కొట్టంలోనే. శిష్యుల కాళ్లు కడిగింది ఆయన, కడిగించుకోలేదు. ఈ ప్రభువు ఏ రకం ప్రభువు మరి? ఆ రాత్రి హాస్టల్‌లో మిత్రుడు ఫరకేంది అన్నడు. ఫరక్ ఇది అని ఇప్పుడైతే ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి చూపిస్తును.

నిజామాబాద్ నుంచి హైదరాబాద్ దారిలో డిచ్‌పల్లి వస్తది. అక్కడ కుష్ఠురోగుల ఆస్పత్రి, ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ కష్టపడి నిలబెట్టింది. 1915లో అక్కడికి వచ్చింది. దానికి పెద్ద విరాళం ఇచ్చిన నర్సాగౌడ్ క్రైస్తవుడు కాడు. ఆ దారిన బస్సులో పోయినప్పుడల్లా నాకు లూకా సువార్తలోని పదిమంది కుష్ఠురోగుల కథ గుర్తుకొస్తది. పదిమందికి బాగైంది, ఒక్కడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పిండు, వాడు సమరయుడు. తొమ్మిదిమంది కృతఘ్నులు అని ప్రసంగాల్లో తిడతారు. నేను అట్ల చదవను. ఏసు వాళ్లను యాజకుల దగ్గరికి పోయి చూపించుకొమ్మన్నడు, తొమ్మిదిమంది చెప్పినట్టే పోయిండ్రు. వాళ్లకు లోపలికి రానిచ్చే యాజకుడు ఉన్నడు. సమరయునికి ఏ యాజకుడు తలుపు తీస్తడు? రోగం పోయినా ఆ గుడికి వాడు అంటరానోడే. తిరిగి రావడానికి వానికి ఉన్న చోటు ఒక్కటే. కృతజ్ఞత మావాళ్లకు మర్యాద కాదు, ఇల్లు.

ఈ సంగతి ఒక ఆదివారం గుడిలో సాక్ష్యంగా చెప్పిన. నా రక్షణ నాకు ఒక దుకాణం పుస్తకంలో అర్థమైంది అని. కొందరు స్తోత్రం అన్నారు. అయినంక ఒక పెద్దమనిషి పక్కకు పిలిచి, "అంతా మంచిగుంది గాని ఆ తుర్కాయన పేరు తియ్యకుండా ఉండాల్సింది. దేవుడే కట్టిండు అంటే సరిపోయేది" అన్నడు. నాకు నవ్వొచ్చింది. చాచా చిట్టి పైసలను తీసి దేవుని ఖాతాలో వేయాలన్న మాట. దేవునికి దొంగ లెక్కలు ఎందుకు? మంచి సమరయుని కథలో సమరయుని పేరు తీసేస్తే మిగిలేది ఏంది?

పైకి స్తోత్రం చెప్పుడు మాకు ఉత్తగా రాదు కూడా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో హిందువు కాని దళితుడు షెడ్యూల్డు కులం కాదని రాశారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మమ్మల్ని మాత్రం బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం చేతిలో పెట్టారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మతం షరతు తీసెయ్యమన్నది. తీసెయ్యలేదు. ఏసు పేరు చెప్తే ఊళ్లో కులం పోదు, కాగితం మీద మాత్రం పోతది. అందుకని మా వాడల్లో ఎంతోమంది గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. వాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లలో నేనూ ఉన్న. అవ్వను అడిగితే, "కాగితం మీద ఏమన్న రాసుకోనియ్యి, ఆయన సర్టిఫికెట్ జూస్తడా?" అనేది. ఆమెకు తేలికైన జవాబు. నాకు అంత తేలిక కాలేదు. ప్రభుత్వం నా కృతజ్ఞతకు ధర కట్టింది, నేను గొణుగుతూ చెబుతున్న.

చాచా ఆ పైసలు ముట్టలేదు. నాలుగు వేల రెండు వందల అరవై చాలా రోజులు నా బీరువాలోనే ఉన్నయి. ఆయన ఖాతా మీద గీత కొట్టించి వద్దామని రెండుసార్లు దుకాణం దాకా పోయిన. చాచాకు అవసరం ఉంది, నాకు తెలుసు. కాని నా మనసు కూడా నాకు తెలుసు. ఆయన అవసరం కోసం పోతున్ననా, నా మెడ మీది బరువు దింపుకుని చేతులు దులుపుకోవడానికి పోతున్ననా? మొదటిసారి రెండోదే అనిపించి వెనక్కి వచ్చిన. రెండోసారి పోతే సేటు పుస్తకం తెరిచి, "చాచాది ఆయన బిడ్డ కట్టేసింది సారూ" అన్నడు. అవ్వ పేరు మీద కొత్తగా ఎక్కిన రెండు వందల పన్నెండు నేను కట్టిన. సేటు గీత గీసి చెల్లు రాసిండు.

అప్పటి నుంచి నెలకోసారైనా బోధన్ బస్సు ఎక్కుతున్న. అవ్వ ఇంటి తలుపు తీసి, దుమ్ము దులిపి, స్టవ్ ముట్టించి చాయ్ పెడుతా. అల్లం దంచుతుంటేనే గోడ అవతల నుంచి చాచా దగ్గుతడు, వస్తున్నానని. ఆయనకు ఇప్పుడు షుగర్ ఉంది. చక్కెర వేయొద్దని డాక్టర్ చెప్పిండు.

"మీ అవ్వ ఏసినంత ఏయ్" అంటడు.

సగం చెంచా వేస్తా. తాగి, కప్పు దిక్కు చూసి, తక్కువైందని కొట్లాడుతడు.